సందె పొగ

కొట్టంలో నడిమి గుంజ కింద ఆ రోజు పొడి ఎక్కువ పడింది. సత్యవ్వ చీపురు పక్కన పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని, ముందు అరచేతులతో దాన్ని కుప్ప చేసింది. చీపురు తగిలితే సగం గాల్లోకి లేస్తుంది. లేచింది ముక్కులోకి పోతే దగ్గు. దగ్గు మొదలైతే ఆ పూటకు పని సాగనట్టే. జల్లెడ పట్టిన శనగపిండిలా పచ్చగా, మెత్తగా ఉన్న ఆ పొడిని చేటలోకి ఎత్తుకుని పక్క గుంజ దగ్గరికి జరిగింది. మొత్తం పదహారు గుంజలు. అన్నింటి కిందా ఇదే పని. మే నెల ఎండ అప్పుడే గూనపెంకుల సందుల్లోంచి దిగి నేల మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది.

పదహారో గుంజ కూడా అయ్యాక చేట తీసుకుని మూలన ఉన్న గరిసె దగ్గరికి వెళ్లింది. వెదురుతో అల్లి, పేడా మట్టీ మెత్తిన ఆ నడుమెత్తు గరిసెలో ఒకప్పుడు ఎడ్లకు పెట్టే ఉలవలు పోసేవారు. ఇప్పుడు దాని మెడకు అట్టముక్క ఒకటి వేలాడుతోంది. దాని పేరూ, వయసూ అందులో రాశారట. సత్యవ్వకు చదవడం రాదు. మూత కొంచెం జరిపి, చేటలో ఉన్నది లోపల వంపి, మళ్లీ మూసింది. ఆ తర్వాత చీపురు పట్టి నేలంతా ఇంకోసారి ఊడ్చింది. పది గంటలకు తలుపులు తెరిచేసరికి నేల మీద నలుసు కూడా ఉండకూడదు. ఉండదు కూడా. సత్యవ్వ ఊడ్చిన నేలను ఇంతవరకు వేలెత్తి చూపినవాళ్లు లేరు.

రుద్రంగి దగ్గరి ఆ పల్లెలో దొరల ఎడ్ల కొట్టం అంటే అందరికీ తెలుసు. ఇప్పటి దొర మాధవ రావు వాళ్ల తాత కట్టించింది. టేకు గుంజలు, వాటి మీద పదకొండు మద్ది దూలాలు, దూలాల మీద వెదురు వాసాలు, ఆపైన గూనపెంక. ఒక్క ఇనుప మేకు లేదు. కొట్టానికి రెండు వైపులా మేత వేసే రాతి గాళ్లు, ఒక్కో గాడి ముందు ఒక్కో జత. పద్నాలుగు జతల ఎడ్లు ఉన్న రోజుల్లో సత్యవ్వ పదహారేళ్ల పిల్లగా, జీతగాడు భూమయ్య పెళ్లాంగా ఈ కొట్టంలోకి వచ్చింది. ఇప్పుడు డెబ్బై దాటింది. ఈ మధ్యలో జరిగినదాన్ని జీవితం అనాలో, ఊడవడం అనాలో ఆమెను అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

వచ్చిన మొదటి రోజే అత్త ఆమె చేతికి ఒక కుండచిప్ప ఇచ్చింది. పగిలిన పెద్ద కుండ అడుగుభాగం అది. సందె వేళకు ఇంటి పొయ్యిలోంచి నిప్పులు అందులోకి ఎత్తుకుని కొట్టానికి తేవాలి. నిప్పుల మీద సగం ఎండిన పిడక, దాని మీద వాయిలాకు, వేపాకు వేయాలి. మంట లేవకూడదు. మంట లేస్తే పచ్చి ఆకు వేసి అణచాలి. పొగ మాత్రం దట్టంగా, నిదానంగా రావాలి. ఆ చిప్ప పట్టుకుని గాడి గాడికీ తిరిగి, చివరికి నడిమి గుంజ దగ్గర పెట్టాలి. ఎడ్లకు దోమలు కుట్టవు. కొట్టంలో సందె పొగ లేచాకే జీతగాని ఇంట్లో దీపం. యాభై ఏళ్లలో సత్యవ్వ ఆ పని తప్పింది కాన్పు అయినప్పుడూ, భూమయ్య పోయినప్పుడూ మాత్రమే. భూమయ్య పోయింది కూడా ఇక్కడే. అరక విప్పి వచ్చి, నడిమి గుంజకు ఆనుకుని కూర్చుని నీళ్లు అడిగాడు. ఆమె చెంబుతో వచ్చేసరికి అయిపోయింది. అతనిది ఒక్క ఫోటో కూడా లేదు. గుంజ మీద అతని వీపు ఆని ఆని నున్నబడిన చోటు మాత్రం ఉంది.

ఎడ్లు పోయి ట్రాక్టర్ వచ్చి పన్నెండేళ్లయింది. కొట్టం ఖాళీ అయింది. పొగ ఆపమని ఎవరూ చెప్పలేదు కాబట్టి సత్యవ్వ ఆపలేదు. నీళ్లకు పోయే ఆడవాళ్లు గుమ్మం దగ్గర ఆగి నవ్వేవారు.

"ఎవలికే ఈ పొగ? దయ్యాలకా?"

"కొట్టానికి" అనేది సత్యవ్వ.

అది ఆమె సొంత తెలివేం కాదు. కోరుట్ల నుంచి వచ్చే వడ్రంగి అబ్దుల్ ఖాదర్ ఒకసారి నిచ్చెనెక్కి, నల్లగా మసి పట్టిన దూలాన్ని అరచేత్తో చరిచి కిందికి చూసి అన్నాడు. "సత్యవ్వ పొగ ఏసినన్ని రోజులు నాకు గీడ పని దొర్కది. గీ మసి ఉన్నంక పురుగు ముట్టది." ఆ మాట ఆమెకు నచ్చింది. తాను పొగ వేసేది ఎడ్ల కోసమే కాదని, ఇంత పెద్ద కొట్టం తన చేతి మీద నిలబడి ఉందని లోలోపల కొంచెం గర్వం కూడా పడింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

నాలుగేళ్ల కింద జ్యోత్స్న వచ్చింది. మాధవ రావు తమ్ముని బిడ్డ. హైదరాబాదులో పాత కట్టడాలను బాగుచేసే ఇంజనీరు. చిన్నప్పుడు ఎండాకాలం సెలవుల్లో ఈ గాళ్లలో దాక్కుని ఆడింది. పెదనాన్న కొట్టం అమ్మేస్తానంటే అడ్డుపడి, నలుగురిని కూడగట్టి, సొసైటీ ఒకటి పెట్టి, జనం వచ్చి చూసే చోటుగా దీన్ని నిలబెట్టింది. ఆమె చెడ్డది కాదు. చెడ్డదైతే ఈ కథలో కష్టం సగం తగ్గేది. వచ్చిన రోజే సత్యవ్వను పిలిచి, నీలం కోటు ఇచ్చి, "నువ్వు లేకుంటే ఈ కొట్టం లేదు అవ్వా, నువ్వు గీడనే ఉండాలె" అంది. ఆ మాటకు సత్యవ్వ ఆ రాత్రి అన్నం తినలేకపోయింది, సంతోషంతో.

తర్వాత పన్నెండు మంది మనుషులు పది రోజులు ఇనుప బ్రష్షులతో, సోడా నీళ్లతో దూలాలు కడిగారు. నల్లటి నీళ్లు గుమ్మం దాటి మోరీలో కలిశాయి. కింద నుంచి తేనె రంగు కట్టె బయటపడింది. ఊరంతా వచ్చి చూసింది. నిజం చెప్పాలంటే సత్యవ్వకు కూడా ముచ్చటగానే అనిపించింది. యాభై ఏళ్లు తన తల మీద ఉన్న దూలం రంగు ఆమె అప్పుడే మొదటిసారి చూసింది.

ఆ సందెకు అలవాటుగా చిప్ప పట్టుకుని వచ్చింది. జ్యోత్స్న ఎదురొచ్చి దాన్ని చేతిలోంచి తీసుకుంది.

"ఇంక పొగ వద్దు సత్యవ్వా. ఇంత కష్టపడి కడిగించిన, మళ్ల మసైతది. నీ దగ్గు చూడు ఎట్లుందో. దావఖాన్ల చెప్పలేదా?"

చెప్పారు. బిడ్డ బాలమ్మది గంభీరావుపేట. ఆమే సిరిసిల్లకు తీసుకెళ్లి ఛాతీ ఫిల్మ్ తీయించింది. డాక్టరు ఫిల్మ్ వెలుతురుకు పెట్టి చూసి, "బీడీలు తాగుతవా?" అని అడిగాడు. "చేసిన గని తాగలే సారూ" అంది సత్యవ్వ. అయినా పొగ మానమన్నాడు.

"పొగ లేకుంటే పురుగొస్తది జోస్నమ్మా" అంది ఆ సందెకు, చిప్ప కోసం చెయ్యి చాపి.

"నూనె రాసినం అవ్వా. మందు కొట్టినం. పురుగు రాదు."

మర్నాటికి ఆ చిప్పను కూడా తోమి, అలమరలో అట్టముక్క పక్కన పెట్టారు. అలమర ముందు నిలబడి దాన్ని చూస్తే సత్యవ్వకు కోపం వచ్చింది. యాభై ఏళ్ల మాట ఒక్క సీసా నూనెకు తీసిపోయింది. సరే, వద్దంటే వద్దు, నాదేం పోయింది అనుకుంది. అలిగింది. పెద్ద ఇళ్ల వాళ్ల మీద పనిమనిషి అలిగితే వాళ్లకు తెలిసేదెప్పుడు? ఆ అలక అలాగే నాలుగేళ్లు ఉండిపోయింది.

రెండు వానాకాలాలు పోయాక పొడి మొదలైంది. మొదట చిటికెడు. సత్యవ్వ దాన్ని అరచేతిలో పట్టుకుని కొట్టం చూసుకునే సొసైటీ మేనేజరు విజయ్ దగ్గరికి వెళ్లింది. అతను ఫోన్‌లోంచి తలెత్తి చూసి, "డస్ట్ అవ్వా అది. ఊడ్వు. నీ పనే గది గదా" అన్నాడు. ఆమె ఊడ్చింది. జ్యోత్స్నకు చెబుదామని రెండుసార్లు అనుకుంది. చెబితే మళ్లీ పొగ కోసమే అంటోందనుకుంటుంది. అడిగినప్పుడు చెబుదాం అనుకుంది. జ్యోత్స్న వచ్చేది పదింటికి. అప్పటికి నేల అద్దంలా ఉండేది. ఆమె అడగలేదు.

పొడిని బయట పారబోయడానికి మాత్రం సత్యవ్వకు చేతులు రాలేదు. అది కొట్టం కట్టె. అందుకే గరిసెలో పోసింది. చిటికెడు పిడికెడైంది, పిడికెడు చేటెడైంది.

పొడి ఎక్కువ పడిన ఆ రోజే నాలుగింటికి హైదరాబాదు నుంచి కమిటీ వస్తోంది. వాళ్లు చూసి సరే అంటే కొట్టం పేరు వారసత్వ కట్టడాల పట్టీలోకి ఎక్కుతుంది. ఎక్కితే ఇక దాన్ని ఎవరూ కదిలించలేరట. "నువ్వు, నేను పోయినా ఇది ఉంటది అవ్వా" అంది జ్యోత్స్న పోయిన వారం. ఆ మాటను సత్యవ్వ అప్పటినుంచి రోజుకు పదిసార్లు తలచుకుంటోంది. తాను పోతుంది, ఎంతో దూరం లేదు. భూమయ్య వీపు ఆనిన ఆ గుంజ నిలబడి ఉంటే చాలు. ఆమె కోరేది ఈ ఒక్కటే, ఇన్నేళ్లలో ఆమె ఏదైనా కోరింది కూడా ఇదే మొదటిసారి.

తొమ్మిదింటికే జ్యోత్స్న వచ్చింది. వెంట ఖాదర్ కొడుకు మజర్ ఉన్నాడు, అతనూ వడ్రంగే. కోరుట్ల నుంచి బండి మీద వచ్చాడు. కొట్టం కప్పు వెన్ను నడుమ దగ్గర రెండు వేళ్లంత కుంగింది. కమిటీ వాళ్లు అడగకముందే ఎవరైనా తెలిసినవాడు చూసి, ఏం లేదని చెబితే బాగుంటుందని జ్యోత్స్న అతన్ని పిలిపించింది.

"మంచిగున్నవా అవ్వా?" అన్నాడు మజర్ చెప్పులు విడుస్తూ.

"ఉన్న కొడుకా. మీ అబ్బ పోయినంక ఇటు మొకమే చూడకపోతివి."

"ఎవలు పిలిచిండ్రు అవ్వా?"

నిచ్చెన వేసి ఎక్కాడు. నడిమి దూలాన్ని వేలి కణుపులతో కొట్టి విన్నాడు. జేబులోంచి మరలు తిప్పే పేచకస్ తీసి మెల్లగా ఒత్తాడు. అది పిడి దాకా దిగింది. మజర్ దాన్ని బయటికి లాగాడు. తర్వాత నిచ్చెన జరిపి పక్క దూలం, దాని పక్క దూలం చూశాడు. పదకొండూ చూసేసరికి గంట పట్టింది. కింద నిలబడి జ్యోత్స్న ఒక్కో దూలానికీ ఒక్కో ప్రశ్న అడిగింది. అతను నిచ్చెన జరుపుతూ పోయాడు.

దిగి వచ్చి, పైకి కాదు, నేల మీదికి చూశాడు. గుంజ గుంజ చుట్టూ తిరిగి చూశాడు.

"సమజ్ అయితలేదు మేడం. తొమ్మిది దూలాలు లోపల మొత్తం ఖతం. మీదికి పొట్టు ఉన్నది గంతే. గిన్ని బొక్కలుంటే కింద పొడి కుప్పలు కుప్పలు పడాలె. పొడి ఏది?"

"పొడి ఎన్నడూ లేదు మజర్. నేను ప్రతి నెల వస్త. నేల చూసే పోత. పొడి ఉంటే నాకు తెల్వదా?"

ఇద్దరూ ఒకేసారి సత్యవ్వ వైపు తిరిగారు. ఆమె చీపురు కొంగు చాటుకు తీసుకుంది. ఎందుకు తీసుకుందో ఆమెకే తెలియలేదు.

"నేను ఊడుస్త" అంది.

"రోజా?" అన్నాడు మజర్.

"రోజు పొద్దుగాల."

"ఏడ పోస్తవ్ అవ్వా?"

సత్యవ్వ మూలకు నడిచి గరిసె మూత పూర్తిగా తీసింది. మజర్ వంగి చూశాడు. చెయ్యి పెట్టాడు. చెయ్యి మోచేయి దాటి దిగింది, అడుగు తగల్లేదు. చెయ్యి తీసి, దానికి అంటిన పచ్చటి పొడిని చూసుకుంటూ నిలబడ్డాడు. పైన దూలాల్లో లేనిదంతా ఆ గరిసెలో ఉంది.

జ్యోత్స్న రాతి గాడి అంచు మీద కూలబడింది. "నాకెందుకు చెప్పలే సత్యవ్వా?" అంది. గొంతులో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేది.

"చెప్తే పొగ కోసం అంటున్న అనుకుంటవని. మొదలు ఇజయ్ సారుకు చూపిచ్చిన. ఊడ్వుమన్నడు. ఊడిస్తి." కొంచెం ఆగి, "నేను ఊడ్వకపోతే నువ్వు చూద్దువు గదా జోస్నమ్మా. నేనే కనవడకుంట జేస్తి" అంది.

"మసి కడిగించింది నేను అవ్వా."

మజర్ చేతులు దులుపుకుని, ఒకటి రెండు దూలాలైతే మార్చేవాడినని, తొమ్మిది తీస్తే కొట్టం నిలబడదని, వానలకు ముందే దించాలని, ఈదురుగాలి వస్తే తానుగా పడుతుందని చెప్పాడు. శనివారం శనివారం బడి పిల్లలు చూడటానికి వస్తారు. జ్యోత్స్న ఫోన్ తీసి కరీంనగర్‌లో ఉన్న పెదనాన్నకు చేసింది. మాధవ రావు గొంతు సత్యవ్వకు కూడా వినిపించింది.

"దించుర్రి బిడ్డా. ఎవల మీదనన్న పడ్తె పేరు పోతది. సత్తెవ్వకు చెప్పు, లోపల తిరగొద్దని."

కమిటీ వాళ్లకు రావద్దని చెప్పడం జ్యోత్స్నకు పెంకు దించడం కన్నా కష్టమైంది. మూడుసార్లు నంబరు నొక్కి మూడుసార్లు ఆపేసింది. నాలుగోసారి మాట్లాడింది. మర్నాడు పొద్దున మజర్ మనుషులను తీసుకొస్తాడు. ముందు గూనపెంక, తర్వాత వాసాలు, ఆ తర్వాత దూలాలు. గుంజలు బాగానే ఉన్నాయి కాబట్టి వాటిని హైదరాబాదులో ఎక్కడైనా నిలబెట్టవచ్చని జ్యోత్స్న అంది. ఎవరికి చెబుతోందో తెలియనట్టుగా అంది. పోయేముందు సత్యవ్వ భుజం పట్టుకుంది.

"రేపటి సంది నువ్వు రాకు అవ్వా. నీకు కావాల్సింది నేను చూసుకుంట. తాళం వేసి చెవి విజయ్‌కు ఇచ్చెయ్."

సత్యవ్వ తల ఊపింది. నీలం కోటు విప్పి మడిచి గాడి మీద పెట్టింది. తలుపుకు తాళం వేసింది, చెవి మాత్రం కొంగుకు ముడేసుకుంది. ఆ మధ్యాహ్నం ఇంటికి పోయి బువ్వ వండుకుంది గాని రెండు ముద్దలకు మించి పోలేదు. గుమ్మంలో కూర్చుని అవతల కొట్టం కప్పు చూసింది. ఎప్పుడూ కనిపించని కుంగు ఇప్పుడు స్పష్టంగా కనబడింది. తాను అద్దంలా ఊడ్చిన నేల గుర్తొచ్చింది. ఈ చేతులు ఒక్క రోజు, జ్వరమొచ్చో బద్ధకించో, ఒకే ఒక్క రోజు ఊడవకుండా ఉండి ఉంటే కొట్టం బతికేది. ఆమెకు ఏడుపు రాలేదు. చేతుల మీద అసహ్యం వేసింది.

పొద్దు వాలాక లేచింది. పెరట్లో వాయిలాకు విరిచింది, దారిలో వేపమండ తుంచింది. కొట్టం తలుపు తీసి అలమరలోంచి చిప్ప తీసుకుని ఇంటికి తెచ్చి, పొయ్యిలోని నిప్పులు అందులోకి ఎత్తింది. తోమి పెట్టిన చిప్ప కొత్తదానిలా ఎర్రగా ఉంది. పిడక వేసింది, ఆకు వేసింది. నాలుగేళ్ల తర్వాత కూడా చేతులు ఏదీ మరిచిపోలేదు. పొగ దట్టంగా, నిదానంగా లేచింది. నీళ్ల బిందెతో పోతున్న ఒకావిడ ఆగి చూసింది. ఈసారి నవ్వలేదు.

గాడి గాడికీ తిరిగింది. పద్నాలుగు జతల పేర్లూ గుర్తున్నంతవరకు లోలోపల అనుకుంది. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చి గాడి అంచు పట్టుకుని నిలబడింది. చివరికి నడిమి గుంజ దగ్గర చిప్ప పెట్టి, భూమయ్య వీపు ఆనిన చోట వీపు ఆనించి కూర్చుంది. పొగ పైకి పాకి తేనె రంగు దూలాల చుట్టూ తిరిగింది. లోపల పురుగు తొలిచే చప్పుడు, పళ్లు నూరినట్టు, పొద్దున ఊడ్చేటప్పుడు ఎలా వినబడిందో ఇప్పుడూ అలాగే ఉంది. పొగకు అది ఆగుతుందేమోనని సత్యవ్వ చెవి పెట్టి విన్నది. ఆగలేదు.

"ఇగ కాదు భూమయ్యా" అంది.

మళ్లీ దగ్గు వచ్చింది. ఈసారి చాలాసేపు వచ్చింది. బయట రోడ్డు మీద రుద్రంగి ఆటో ఒకటి పోయింది. ఆటో చప్పుడు దూరమయ్యేసరికి దగ్గు కూడా ఆగిపోయింది.

తెల్లారి మజర్ నలుగురు మనుషులతో, నిచ్చెనలతో వచ్చాడు. తలుపు చేరవేసి ఉంది. తోసి చూస్తే సత్యవ్వ గుంజకు ఆనుకుని కూర్చుని ఉంది. "అవ్వా, లే అవ్వా, పెంక దించుతం" అని దగ్గరికి వెళ్లి చెయ్యి పట్టుకున్నాడు. చెయ్యి చల్లగా ఉంది. మజర్ తల మీది రుమాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. తర్వాత తెచ్చిన నిచ్చెన మీదే ఆమెను పడుకోబెట్టి ఇంటికి మోసుకుపోయారు. విజయ్ వచ్చి తలుపుకు తాళం వేశాడు. గంభీరావుపేట నుంచి బాలమ్మ వచ్చి, అవ్వను మట్టి చేసేదాకా కొట్టం జోలికి పోవద్దని మజర్ తన మనుషులకు చెప్పాడు. జ్యోత్స్న దారిలో ఉంది.

ఆ రోజు కొట్టంలోకి ఎవరూ రాలేదు, ఎవరూ ఊడవలేదు. నడిమి గుంజ కింద చిప్ప ఎక్కడ పెట్టింది అక్కడే ఉంది, సాయంత్రానికి అందులోని బూడిద మీద పచ్చటి పొడి పలచగా పేరుకుంది.